ఎనిమిది పౌండ్లు తక్కువ

రెండు వారాలకో శనివారం
మెథడిస్టు చర్చి వెనక హాల్లో
బిస్కెట్ల డబ్బా ముందు కూర్చుంటాను.
టాంగోకి మనిషికి పది పౌండ్లు, విద్యార్థులకి ఆరు.
టీ ఊరికే, కప్పు మాత్రం ఎవరిది వాళ్లే కడగాలి.
తలుపు కాస్తున్నందుకు నాకు ప్రవేశం ఉచితం,
గ్లెనిస్‌తో ఒప్పందం అది.
కుర్చీలు నేనే వేస్తాను, నేనే తీస్తాను.

మొదట్లో నేనూ డబ్బు కట్టి వచ్చినదాన్నే.
మంగళవారం క్లాసు పన్నెండు, గురువారం సాధన ఆరు.
రోసారియో నుంచి ఎవరో దంపతులు దిగితే
గంటకి డెబ్బై,
అందులో సగం నిలబడి ఊపిరి పీల్చడమే.
"నీకు నడవడం రాదు" అన్నాడాయన, నవ్వుతూనే.
నలభై మూడేళ్లు మరి దేనిమీద వచ్చానో
అడగలేదు.

చెప్పుల జోడు నూట నలభై.
మెత్తటి తోలు అడుగు, షెఫీల్డ్ వానకి ఆగదు,
పెరుగు గిన్నెలా సంచిలో నిలబెట్టి మోసుకురావాలి.
అసలు జోడుకి ధర ఎక్కడా రాసి ఉండదు.
ఏడు కొండల ఊరే ఇదీ,
మొక్కు తీరకముందే మోకాళ్లు పట్టేస్తాయి.

మాంచెస్టర్ రైలు, తప్పిపోయిన ఆఖరి రైలు, టాక్సీ.
తడిసి మోపెడయిందంటారే,
నా విషయంలో అది మాటవరసకి కాదు.
ఆ నెల బాయిలర్ బాగుచేయించలేదు.
కోటు వేసుకుని వంటింట్లో
కాలితో ఎనిమిదులు గీశాను,
ఓచో అంటే ఎనిమిదేనట.
"అంత డబ్బు పోసి
పరాయి మగాడి భుజంమీద చెయ్యి వేయడం నేర్చుకుంటున్నావా?"
లెస్టర్ నుంచి మా పిన్ని కూతురు సునీల.
"అవునే, ఇంకా సరిగ్గా రాలేదు" అన్నాను.

మన భాషలో అడుగంటే
పాదం కదపడం,
నోరు తెరిచి కావాలనడం,
గిన్నెలో మిగిలిన ఆ కాస్తా కూడా.
ఇక్కడ మాత్రం అడగకూడదు.
గోడవారన కూర్చుని చూపు పంపాలి.
అవతలి చూపు ఆగితే తల కొంచెం వంచాలి.
ఆగకపోతే చెప్పు బకిల్ సర్దుకోవాలి.
ఒక చలికాలమంతా నేను బకిల్ సర్దుకున్నాను.
దానికెవరూ రసీదు ఇవ్వరు.

డబ్బా దగ్గర్నుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి.
సర్జన్ గారు ఇరవై నోటిచ్చి చిల్లర వద్దంటారు.
డెస్మండ్, బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు,
నాణేలు ఇంట్లోనే లెక్కపెట్టి
శాండ్‌విచ్ సంచిలో ముడివేసి తెస్తాడు.
నేను మళ్లీ లెక్కపెట్టను.
పెట్టలేదని ఆయన చూస్తాడు.

పోయిన శనివారం, పదిన్నరకి
ఆ చూపు నా దగ్గర ఆగింది.
డబ్బా మూత పెట్టి లేచాను.
నాలుగు పాటలు.
గొప్ప నాట్యగాడేం కాదు.
మలుపులో నిలబడ్డ ప్రయాణికులెవరూ తూలకూడదన్నట్టు
నిదానంగా తిప్పుతాడు.
చొక్కా నిండా ఇస్త్రీ వాసన.
మూడో పాటలో నా మడమలు ఎక్కడున్నాయో మరిచిపోయాను.
నాలుగో పాటలో
పసుపు రెయిన్‌కోటు అమ్మాయి ఒకతి
మెట్లమీద ఆగి, బోర్డుమీది ధర రెండుసార్లు చదవడం
ఆయన భుజం మీదుగా చూశాను.
డబ్బా మూత చప్పుడూ విన్నాను.

రాత్రి లెక్క తేలలేదు.
పుస్తకంలో పేర్లు సరిపోయాయి,
డబ్బాలో ఎనిమిది తక్కువ.
పది ఉండాల్సినచోట అడుగున రెండు పౌండ్ల బిళ్ల.
"చిల్లర తప్పు ఇచ్చుంటాను" అన్నాను గ్లెనిస్‌తో.
నా పర్సులో అయిదే ఉంది.
మిగతా మూడు మంగళవారం ఇస్తానన్నాను.

కుర్చీలు తీసి, తుడుపుకర్ర పట్టుకుని
కోట్ల గది దాకా వెళ్లాను.
అక్కడ, ఎవరూ చూడరనుకున్న మూల,
బూటు తడితో గీసిన ఎనిమిది ఒకటి,
కింది సున్నా సగంలో తూలి ఉంది.
ఇంకా ఆరలేదు.
చుట్టూ తుడిచి వచ్చాను.